బండి వయసు కాదు, పొగను కొలవండి

'కాలం చెల్లిన వాహనాలు' అన్న మాటను మన ప్రభుత్వాలూ మన పత్రికలూ కలిసి చలామణిలోకి తెచ్చాయి. వినడానికి అది శాస్త్రీయ నిర్వచనంలా ఉంటుంది. నిజానికి అందులో ఉన్నది క్యాలెండరు మాత్రమే. పదిహేనేళ్లు నిండిన బండి దోషి. పద్నాలుగేళ్ల పదకొండు నెలల బండి నిర్దోషి. ఆ బండి ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగింది, ఎంత బరువు మోసింది, ఈ ఉదయం దాని గొట్టం నుంచి ఏమి వెలువడింది అన్న ప్రశ్నలను ఈ నిర్వచనం అడగదు. అడగకుండానే రుసుము వేస్తుంది, నమోదు రద్దు చేస్తుంది, తుక్కు కేంద్రానికి దారి చూపుతుంది. కొలవకుండా శిక్షించే పాలనకు ఎదురు నిలిచిన ఊరొకటి మన చరిత్రలో ఉంది. ఆ ఊరి మీదుగానే ఈ విషయం మాట్లాడాలనుకుంటున్నాను.

బార్డోలీ సూరత్‌కు తూర్పున ముప్పై చిల్లర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. హజీరా రేవు నుంచి బయలుదేరి సూరత్, బార్డోలీ, వ్యారా, సోన్‌గఢ్, ధులే మీదుగా నాగపూర్, రాయ్‌పూర్ దాటి ఒడిశాలోని పారాదీప్ దాకా సాగే 53వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగానే వెళుతుంది. ఆ రహదారి మీది లారీలకు తోడు, చలికాలం మొదలయ్యే సరికి చెరకు కాలం వస్తుంది. బార్డోలీ సహకార చక్కెర కర్మాగారం ఆసియాలోనే పెద్ద సహకార మిల్లులలో ఒకటిగా పేరు పొందింది. ఆ కొన్ని నెలలూ చుట్టుపక్కల గ్రామాల నుంచి లారీలు, ట్రాక్టర్ ట్రాలీలు బరువుకు మూలుగుతూ మిల్లు వైపు కదులుతాయి. లోడు లాగలేని ఇంజను గేరు మార్చినప్పుడల్లా నల్లటి పొగ చిమ్ముతుంది. దాని వెనకే మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలతో వెళ్లే మనిషికి తప్పుకొనే దారి ఉండదు. జహీరాబాద్ రోడ్డు మీద, చోడవరం రోడ్డు మీద ఇదే దృశ్యం చూసిన తెలుగు పాఠకులకు దీన్ని ఇంతకన్నా వర్ణించి చెప్పనక్కర్లేదు.

ఇక చరిత్ర. 1928 బార్డోలీ సత్యాగ్రహాన్ని మన పాఠ్యపుస్తకాలు 'పన్ను నిరాకరణ ఉద్యమం' అన్న రెండు మాటలతో సరిపెట్టి, వల్లభ్‌భాయ్ పటేల్‌కు 'సర్దార్' అన్న పిలుపు ఎలా వచ్చిందో చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. అసలు తగవు దేని గురించో అక్కడ జారిపోతుంది. బొంబాయి ప్రభుత్వం తాలూకా భూమిశిస్తును సవరించ తలపెట్టింది. జయకర్ అనే అధికారి 30 శాతం పెంచాలన్నాడు. సెటిల్‌మెంట్ కమిషనర్ ఆండర్సన్ తన లెక్క తాను వేశాడు. చివరకు ప్రభుత్వం 22 శాతం దగ్గర నిలిచింది. రైతులు శిస్తు ఎత్తివేయమని అడగలేదు. నిష్పాక్షికమైన విచారణ జరిపించండి, అప్పుడు తేలినంత కడతాం, లేదా పాత శిస్తునే పూర్తి చెల్లింపుగా స్వీకరించండి అన్నారు. అధికారులు ఆధారంగా చూపిన కౌలు లెక్కలను ఎవరూ పొలాల వద్దకు వెళ్లి సరిచూడలేదన్నది వారి ఆరోపణ. ఫిబ్రవరి 12న మొదలైన పోరాటం ఆగస్టులో ముగిసింది. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులతో విచారణ సంఘం ఏర్పడింది. 1922లో గాంధీజీకి ఆరేళ్ల జైలు శిక్ష వేసిన న్యాయమూర్తి ఈ బ్రూమ్‌ఫీల్డే. ఊరూరా తిరిగి విచారించిన తర్వాత ఆ సంఘం తేల్చిన న్యాయమైన పెంపు ఆరు శాతం దరిదాపుల్లో ఉంది. కాగితం మీద 22, నేల మీద 6. పరాయి ప్రభుత్వపు అధికారులే తమ ప్రభుత్వపు లెక్క తప్పని ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ తొంభై ఎనిమిదేళ్ల నాటి తగవుకూ నేటి పొగకూ ముడిపెట్టడం అతిశయోక్తి అని కొందరికి తోచవచ్చు. ముందు నేటి లెక్కలు చూడండి.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించిన వాహన తుక్కు విధానాన్ని ప్రధానమంత్రి అదే ఏడాది ఆగస్టు 13న, గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులోనే ప్రారంభించారు. వాహన కాలుష్యంపై ఒక విధానం పెట్టుబడిదారుల సదస్సులో పుట్టడం దానికదే ఒక వ్యాఖ్యానం. ఆపైన రుసుములు వచ్చాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారు పునర్నమోదు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు, మోటారు సైకిలుది 300 నుంచి 1,000కి, లారీ లేదా బస్సు ఫిట్‌నెస్ ధ్రువపత్రం రుసుము 1,500 నుంచి 12,500కు చేరాయి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి మరో మెట్టు ఎక్కించారు: మోటారు సైకిలుకు 2,000, కారుకు 10,000. ఈ పట్టికలో ఎక్కడైనా పొగ అనే మాట ఉందేమో వెతకండి. చక్కగా నిర్వహించిన పాత కారూ, పొగ కక్కే పాత కారూ ఒకే మొత్తం కడతాయి. కట్టిన తర్వాత రెండూ అదే రోడ్డు మీద తిరుగుతాయి. కాలుష్యం తగ్గించడానికి వేసిన పన్ను కాలుష్యంతో సంబంధం లేకుండా పనిచేస్తే దాన్ని మామూలు భాషలో ఆదాయం అంటారు.

మరి పొగను కొలిచే యంత్రాంగం లేదా? ఉంది. దాని పేరు పీయూసీ. పెట్రోలు బండికి ఇంజను నిలకడగా తిరుగుతుండగా కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోకార్బన్‌లనూ చూస్తారు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత దట్టంగా ఉందో చూస్తారు. బీఎస్-4కు ముందు బండ్లకు 65 యూనిట్లు, బీఎస్-4కు 50 యూనిట్లు హద్దు. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరే సూక్ష్మ ధూళిని గానీ, నైట్రోజన్ ఆక్సైడ్‌లను గానీ ఈ పరీక్ష కొలవదు. లోడు వేసుకుని ఎత్తు ఎక్కుతున్న లారీ విడిచే పొగను, ఖాళీగా నిలబెట్టి చేసిన పరీక్షతో అంచనా వేస్తారు. పరీక్ష ఇంత నాసిరకమైనా సవ్యంగా జరిగితే కొంత ప్రయోజనం ఉండేది. 2025 ఏప్రిల్‌లో దిల్లీ శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఆ భ్రమ కూడా తొలగించింది. 2015 నుంచి 2020 దాకా జరిగిన పరీక్షలను పరిశీలిస్తే, హద్దు మీరిన ఉద్గారాలు నమోదైన 1.08 లక్షల వాహనాలకు సైతం ధ్రువపత్రాలు అందాయి. ఒకే కేంద్రంలో ఒకే సమయాన ఒకటికి మించిన బండ్లను పరీక్షించినట్టు చూపిన సందర్భాలు 7,643. పార్లమెంటు, సుప్రీంకోర్టు, హరిత ట్రైబ్యునల్ కొలువైన నగరంలోనే కథ ఇలా ఉంటే, తాలూకా కేంద్రాల్లోని పీయూసీ గుడిసెల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. ధ్రువపత్రం లేకపోతే పదివేల రూపాయల దాకా జరిమానా అని 2019 సవరణ చట్టం అంటుంది. పీయూసీ లేనిదే బీమా పునరుద్ధరించరాదన్న 2017 నాటి షరతును సుప్రీంకోర్టే 2024 జూలైలో తొలగించవలసి వచ్చింది. ఆ షరతు వల్ల బీమా లేని బండ్లు పెరిగి, ప్రమాద బాధితులకు పరిహారం దక్కకుండా పోతోందని గుర్తించారు. పొగ పరీక్షను బలపరచడానికి పెట్టిన షరతు చివరకు బీమానే బలహీనపరిచిందన్న మాట.

ఇక దిల్లీ సంగతి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్లు దాటిన వాహనాలను, 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను రాజధాని ప్రాంతంలో నిషేధించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1న అరవై లక్షలకు పైబడిన బండ్లకు బంకుల్లో ఇంధనం పోయరాదన్నారు, కెమెరాలు పెట్టారు, మధ్యతరగతి గొంతెత్తగానే రోజుల వ్యవధిలో వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న కోర్టు యజమానులపై బలవంతపు చర్యలు వద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. పదకొండేళ్ల ప్రయాణం తర్వాత న్యాయస్థానం వయసును వదిలి ప్రమాణం దగ్గరకు వచ్చిందని దీని అర్థం. వచ్చినందుకు సంతోషమే. కానీ ఈ పదకొండేళ్లలో దిల్లీ చేసిన ఒక ఘనకార్యాన్ని ఎవరూ లెక్క కట్టలేదు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండిని వేరే రాష్ట్రంలో నమోదు చేసుకోవడానికి నిరభ్యంతర పత్రం ఇచ్చారు. నిరభ్యంతరం ఎవరిది? ఆ బండిని వదిలించుకున్న నగరానిది. దాన్ని స్వీకరించిన చిన్న పట్టణాన్ని అభ్యంతరం ఉందా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. రాజధాని పీల్చడానికి పనికిరాని పొగ జిల్లా కేంద్రానికి పనికివస్తుందన్నదే దాని వెనకున్న సూత్రం.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. బీఎస్-4 ప్రమాణం 2010 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు దిల్లీ ప్రాంతంతో పాటు పదమూడు నగరాలకు మాత్రమే వచ్చింది. ఆ జాబితాలో మన హైదరాబాద్ ఉంది, సూరత్ కూడా ఉంది. మిగతా దేశానికి అది విడతలుగా విస్తరించి, పూర్తిగా అమలయ్యేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే మహానగరంలో ఒక రకం ఇంధనం, ఒక రకం బండి. జాబితా బయటి ఊళ్లలో మరో రకం. చిన్న పట్టణంలోని మనిషి మురికి బండిని ఎంచుకుని కొనలేదు. ప్రభుత్వం అతడికి చట్టబద్ధంగా అమ్మనిచ్చింది దాన్నే. అంతటితో ఆగలేదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని నిషేధించింది. అప్పటికి అమ్ముడుపోని బండ్లు ఎనిమిది లక్షల పైచిలుకు. మిగిలిన రెండు రోజుల్లో షోరూముల ముందు జాతర జరిగింది. వేల రూపాయల రాయితీలిచ్చి నిల్వలు ఖాళీ చేసుకున్నారు. పత్రికల్లో మేమంతా దాన్ని 'బంపర్ ఆఫర్' అని రాసుకున్నాం. ఆనాడు అమ్మినవారిని ఈనాడు ఎవరూ ఏమీ అనరు. కొన్నవాడు మాత్రం 2032లో 'కాలం చెల్లిన వాహనం' యజమాని అవుతాడు.

ఇంతవరకు చదివి, ఇది పాత బండ్ల యజమానుల తరఫు వకాల్తా అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పాత డీజిల్ ఇంజను పొగ విషమే. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. సిగరెట్టు పొగా, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గం అది. ప్రమాణాల అంకెలే చూసినా తేడా తెలుస్తుంది. బీఎస్-3 లారీ ఇంజను కిలోవాట్ గంటకు 0.10 గ్రాముల ధూళి కణాలు వదలవచ్చు. బీఎస్-6కు హద్దు 0.01. నైట్రోజన్ ఆక్సైడ్‌లు 5 గ్రాముల నుంచి 0.4కు దిగాయి. ఒక పాత లారీ స్థానంలో కొత్తది వస్తే కాగితం మీద పదో వంతు మిగులుతుంది. కనుక 'పేదవాడి బండి మీద పడతారేం' అనే మన అభ్యుదయ మిత్రుల వాదన నాకు సమ్మతం కాదు. ఆ వాదనలో పేదవాడు స్టీరింగు వెనక మాత్రమే కనిపిస్తాడు. రోడ్డు పక్కన కనిపించడు.

బార్డోలీలో రోడ్డు పక్కన ఉన్నదెవరు? చెరకు కొట్టే కూలీలు. డాంగ్ అడవుల నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ ప్రాంతం నుంచి ప్రతి ఏటా వచ్చే ఆదివాసులు. కొడవలి పేరు మీదనే వారిని 'కొయితా' కూలీలంటారు. భార్యాభర్తలిద్దరూ కలిస్తే ఒక కొయితా లెక్క. కూలి లెక్క కూడా జంటకే. పొలాల అంచుల్లో, బాటల పక్కన పట్టాలు కట్టుకుని పిల్లాపాపలతో ఆ కాలమంతా గడుపుతారు. చెరకు నరికేదీ వారే, మోపులు కట్టేదీ వారే, బండిలో నింపేదీ వారే. దక్షిణ గుజరాత్ కూలీల జీవితాన్ని దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ వీరి గురించి విస్తారంగా రాశారు. 1928 నాటి సత్యాగ్రహంలో కూడా భూమి ఉన్న పాటీదార్లే కథానాయకులు. వారి పొలాల్లో తరతరాలుగా 'హాలీ' వెట్టికి కట్టుబడిన దుబళాలు, అంటే నేటి హళపతులు, ఆ కథలో పక్కకు ఒదిగిపోయారు. శిస్తు తగ్గితే లాభపడింది భూమి ఉన్నవారు. ఈనాడు చెరకు ధర పెరిగితే లాభపడేదీ వారే. ఆ చెరకు మోసే లారీ పొగ పీల్చేది మాత్రం భూమి లేనివారు. బార్డోలీ లోక్‌సభ స్థానం ఆదివాసులకు కేటాయించినది. ఆ కేటాయింపు వల్ల కూలీల ఊపిరి మాట ఎన్నికల ప్రసంగాల్లోకి వచ్చిందని మాత్రం అనుకోకండి.

ట్రాక్టరు సంగతి మరీ విడ్డూరం. కార్లకు, లారీలకు 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చింది. ట్రాక్టర్లకు వేరే ప్రమాణాలున్నాయి. 50 హార్స్‌పవర్ దాటిన వాటికి మాత్రం 2023 జనవరి నుంచి కొంచెం బిగించారు. మన దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అత్యధిక భాగం ఆ గీతకు దిగువనే ఉంటాయి. వాటికి ఒకటిన్నర దశాబ్దం నాటి ప్రమాణమే నేటికీ నడుస్తోంది. 2021 జనవరిలో కేంద్రం ఆమోదించిన హరిత పన్ను ప్రతిపాదనలో ట్రాక్టర్లు, కోత యంత్రాలకు మినహాయింపు కూడా ఉంది. దున్నే ట్రాక్టరుకు మినహాయింపు ఇస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ నాలుగు నెలల పాటు రోజూ రెండు ట్రాలీలు తగిలించుకుని జాతీయ రహదారి మీద సరుకు రవాణా చేసే ట్రాక్టరు ఏ విధంగా వ్యవసాయ పరికరం? పేరు రైతుది, పని లారీది, పొగ ఊరందరిది. ఏ పార్టీ కూడా ఈ మాట బయటకు అనదు. పటేళ్ల పల్లెల్లోనే కాదు, మన గోదావరి జిల్లాల్లోనూ, నిజామాబాద్‌లోనూ అనదు. చెరకు నుంచి తీసిన ఇథనాల్‌ను పెట్రోలులో ఇరవై శాతం కలిపి 'హరిత ఇంధనం' అని చాటుకుంటున్న ప్రభుత్వం, ఆ చెరకు మిల్లుకు ఏ పొగలో ప్రయాణించి వస్తోందో ఒకసారి చూడాలి.

కొలత సాధ్యం కాదని మాత్రం గుజరాత్ చెప్పలేదు. ఎందుకంటే ప్రపంచంలో మొట్టమొదటి ధూళి ఉద్గారాల మార్కెట్ పుట్టింది సూరత్‌లోనే. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అక్కడి మూడు వందలకు పైగా ఫ్యాక్టరీల పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించింది. మొత్తం ధూళికి ఒక హద్దు పెట్టి, ఆ హద్దులో ఎవరి వాటా ఎంతో తేల్చి, మిగుల్చుకున్నవారు మిగలనివారికి అమ్ముకోవచ్చంది. అమెరికా విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు ఆ ప్రయోగాన్ని పరిశీలించి, మార్కెట్‌లో చేరిన ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని లెక్క తేల్చారు. తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వెళ్లిన మన పద్మశాలీలు వేలాదిగా మగ్గాల మీద బతుకుతున్న నగరం అది. వారి పిల్లలు పీల్చే గాలిలో ఆ తగ్గుదల అంతో ఇంతో ఉండే ఉంటుంది. మార్కెట్లంటే నాకు అంత ప్రేమ లేదు. అయినా ఆ ప్రయోగంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ ఫ్యాక్టరీ వయసెంత అని ఎవరూ అడగలేదు. గొట్టంలోంచి ఏమొస్తోంది అని అడిగారు. 2024 స్వచ్ఛ వాయు సర్వేక్షణ్‌లో పది లక్షలు దాటిన నగరాల్లో సూరత్‌కు ప్రథమ స్థానం కూడా దక్కింది.

ఆ ప్రథమ స్థానం బార్డోలీకి ఏమిచ్చింది? 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల జాబితాతో నడుస్తుంది. గుజరాత్ నుంచి సూరత్, అహ్మదాబాద్, వడోదర, రాజ్‌కోట్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి పదమూడు నగరాలు ఉన్నాయి; తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. బార్డోలీ లేదు. సూర్యాపేట లేదు, జహీరాబాద్ లేదు, చోడవరం లేదు. జాబితాలో లేని ఊరికి నిధులు లేవు, లక్ష్యం లేదు, లెక్క చెప్పవలసిన అధికారి లేడు. పీఎం ఇ-డ్రైవ్ కింద 2025లో కేటాయించిన 10,900 విద్యుత్ బస్సులు ఎటు వెళుతున్నాయో చూడండి: బెంగళూరుకు 4,500, దిల్లీకి 2,800, హైదరాబాద్‌కు 2,000, అహ్మదాబాద్‌కు 1,000, సూరత్‌కు 600. ఐదు మహానగరాలు. విద్యుత్ లారీలకు అదే పథకం దేశం మొత్తానికి ఇచ్చిన లక్ష్యం 5,600. అందులోనూ దిల్లీకి ప్రత్యేక వాటా. పాత లారీని తుక్కు చేసిన పత్రం చూపితేనే గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ. రెండు మూడు లారీలతో బతికే యజమాని ఆ విద్యుత్ లారీ ధరలో మిగతా సొమ్ము ఎక్కడి నుంచి తెస్తాడన్న ప్రశ్నకు పథకంలో జవాబు లేదు. జర్మనీ 2009లో తొమ్మిదేళ్లు దాటిన కారును అప్పగించి కొత్త కారు కొన్నవారికి 2,500 యూరోలు చేతికిచ్చింది. లండన్ మేయర్ 2023లో పొగ సుంకం నగరమంతటికీ విస్తరించినప్పుడు ప్రమాణానికి లోబడని కారును వదులుకునే నగరవాసికి 2,000 పౌండ్ల దాకా ఇచ్చాడు. ఆ సుంకానికి కొలబద్ద కూడా వయసు కాదు, యూరో ప్రమాణం. మన దగ్గర ఇస్తున్నదేమిటి? వాణిజ్య వాహనానికి రోడ్డు పన్నులో 15 శాతం దాకా రాయితీ, తయారీదారులు దయతలిస్తే ఐదు శాతం తగ్గింపు అన్న సలహా. తుక్కు విలువ ఇనుము ధరకు. అన్నీ కలిపినా కొత్త లారీ వాయిదాలు కొన్ని నెలలకు సరిపోవు.

కొత్త బండి కొనిపించడమే కాలుష్య నివారణ అనే నమ్మకం కూడా ప్రశ్నించదగినదే. 2024లో దిల్లీ, గురుగ్రామ్ రోడ్ల మీద కదులుతున్న లక్షకు పైగా వాహనాల పొగను దూరం నుంచే కొలిచిన అధ్యయనంలో, ప్రమాణం ఒకటే అయినా సొంత కార్ల కన్నా టాక్సీలు, చిన్న సరుకు వాహనాలు ఎంతో ఎక్కువ నైట్రోజన్ ఆక్సైడ్‌లు వదులుతున్నట్టు తేలింది. రోజంతా తిరిగే బండి త్వరగా పాడవుతుంది. నాలుగేళ్ల టాక్సీ పద్దెనిమిదేళ్ల రిటైర్డ్ మాస్టారి కారు కన్నా ఊరికి ఎక్కువ హాని చేయవచ్చు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ కొత్త కార్లలో ఉద్గారాలను దాచే సాఫ్ట్‌వేర్ బయటపడింది. మన హరిత ట్రైబ్యునల్ 2019 మార్చిలో ఆ సంస్థకు 500 కోట్ల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు బలవంతపు చర్యలను ఆపింది. పాత బండి యజమానిని పొగ కొలవకుండానే నిలదీసే వ్యవస్థ, కొలతనే మోసగించిన కంపెనీ పట్ల ఎంత ఓపిక చూపుతుందో గమనించండి.

చేయవలసింది తెలియక కాదు. దూరం నుంచి పొగను కొలిచే పరికరం రోడ్డు పక్కన పెడితే, బండిని ఆపకుండానే ఏది ఎంత వదులుతోందో తెలుస్తుంది. ఎక్కడ పరీక్షించినా, మొత్తం పొగలో సింహభాగం కొద్దిపాటి బండ్ల నుంచే వస్తుందని తేలింది. ఆ కొద్ది బండ్లను పట్టుకుంటే చాలు, మిగతావారిని వేధించనక్కర్లేదు. 10 పీపీఎం గంధకం మాత్రమే ఉండే డీజిల్ 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా దొరుకుతోంది గనుక, వీలున్న బీఎస్-4 లారీలకు, బస్సులకు ధూళి వడపోతలు తర్వాత అమర్చుకోవచ్చు. మరీ పాత ఇంజన్లకు అవి సరిపడవు. వాటిని తప్పించాలి, తప్పించినందుకు డబ్బివ్వాలి. మొదటి వరుసలో ప్రభుత్వమే ఉండాలి. తన పదిహేనేళ్ల వాహనాల నమోదును 2023 ఏప్రిల్ నుంచి రద్దు చేసుకుంటున్నానని కేంద్రం ప్రకటించింది. మంచిదే. రాష్ట్రాల రవాణా సంస్థల గ్యారేజీల్లో ఆ ఉత్తర్వు ఎంతవరకు అమలైందో ప్రతి శాసనసభలోనూ ప్రశ్న వేయవచ్చు. మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చిన తెలుగు రాష్ట్రాల్లో ఆ ప్రశ్న మరింత అవసరం. నిలబడడానికి చోటు లేనంతగా నిండిన పాత డీజిల్ బస్సు వదిలే పొగ పీల్చేది స్టాపులో తర్వాతి బస్సు కోసం ఎదురుచూస్తున్న ఆ మహిళలే.

బార్డోలీలో అయితే ఇంకా తేలిక. అక్కడ చెరకు రవాణా అంతా ఒక గేటు గుండా వెళుతుంది. ప్రతి బండినీ కాటా మీద తూస్తారు. ఎన్ని టన్నులు, ఏ గ్రామం, ఏ రైతు అన్నది చీటీ మీద నమోదవుతుంది. చెరకును కిలోల దాకా లెక్కించే ఆ కాటా పక్కనే ఒక పొగ కొలిచే పరికరం పెట్టడానికి సహకార సంఘానికి అడ్డేమిటి? హద్దు మీరిన బండికి ఒకసారి హెచ్చరిక, మరమ్మతుకు సంఘం నుంచి అప్పు, మళ్లీ మీరితే ఆ సీజనుకు లోడు లేదు. ఖర్చు టన్నుకు కొద్దిపాటి పైసలుగా సభ్యులందరి మీదా పడుతుంది. చెరకు అమ్ముకుని లాభపడేవారే చెరకు మోసిన పొగ ఖర్చు భరించాలనడంలో అన్యాయమేమీ లేదు. సర్దార్ పేరు చెప్పుకునే సహకార సంఘాలకు ఇది అసాధ్యమైన కోరిక కూడా కాదు. వేసవి మొదలయ్యే సరికి క్రషింగ్ ముగుస్తుంది. వచ్చే సీజనుకు లారీల వారితో, ట్రాక్టర్ల వారితో రవాణా ఒప్పందాలు దసరా, దీపావళి నాటికి కుదరాలి. ఆ ఒప్పందంలో పొగ షరతు ఒకటి చేర్చడానికి దిల్లీ ఉత్తర్వు గానీ, కోర్టు తీర్పు గానీ, జాబితాలో పేరు గానీ అక్కర్లేదు. సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం కావాలి. ఆ తీర్మానం చర్చకు వచ్చే రోజు కొయితా కూలీలను కూడా లోపలికి పిలవాలి.